పలకరింపు కూడా బిడ్డ హక్కే
(జుమా ప్రసంగ పాఠం, పాన్‌గల్)

మొదటి ఖుత్బా

సకల లోకాలకు ప్రభువైన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్ని అర్థిస్తున్నాము. ఆయన క్షమాపణను వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!



ముందుగా మాకూ మీకూ దైవభీతిని గుర్తు చేస్తున్నాము. మన చేతికింద ఉన్న బలహీనుల పట్ల మన నడవడిని అల్లాహ్ గమనిస్తున్నాడన్న ఎరుక దైవభీతిలో పెద్ద భాగం. మన చేతికింద పిల్లలకన్న బలహీనులు లేరు. పిల్లలలోనూ పేద ఇంటి పిల్లలకన్న బలహీనులు లేరు. వారి పుస్తకాల గురించి, ఫీజుల గురించి ఈ మింబరు మీద నుంచి మీరు అనేక పర్యాయాలు విన్నారు. ఈ జుమా నాడు వారి మనసుల గురించి విన్నవించదలచాము. కోపం వచ్చినప్పుడు ఏమి చేయాలో, దుఃఖం వచ్చినప్పుడు ఎవరికి చెప్పుకోవాలో, తోటివారితో ఎలా మెలగాలో బిడ్డకు నేర్పేది ఎవరు? ఈ ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాము.

సోదరులారా! కొండమీద కోట ఉన్న ఊరు మనది. ఆ కోట కోసం ఏ రాజులు పోరాడారో చరిత్రకారులు రాశారు. ఆ రాళ్లు మోసిన కూలీల పిల్లలు అప్పట్లో ఎవరి దగ్గర ఉన్నారో, ఎవరు వారికి అన్నం పెట్టారో రాసినవారు లేరు. మన పాలమూరు గడ్డ కథ తరతరాలుగా ఇదే. ప్రాజెక్టుల కట్టలు, పట్టణాల మేడలు పాలమూరు లేబరు చేతుల మీదుగా లేచాయి. 2016 అక్టోబర్ 11న వనపర్తి వేరు జిల్లా అయింది. మన చిరునామా మారింది. కృష్ణా నీళ్లు కాలువలలో పారిన తరువాత కొన్ని ఊళ్లలో వలస తగ్గిన మాట కూడా నిజమే. కానీ అది నిలిచిపోలేదు. ఇప్పటికీ పంట పనులు ముగిశాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని హైదరాబాద్‌కు, ముంబైకి, పుణెకు బయలుదేరే కుటుంబాలు ఉన్నాయి. మరికొందరి తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు.

ఆ కుటుంబాల పిల్లలకు రెండే దారులు. తల్లిదండ్రుల వెంట వెళితే కట్టుబడి స్థలాల దగ్గర రేకుల గుడిసెలలో నెలలు గడుస్తాయి, బడి తప్పిపోతుంది. ఊరిలోనే ఉండిపోతే నానీ దగ్గరో, దాదీ దగ్గరో, అవ్వతాతల దగ్గరో పెరగాలి. బడి దక్కుతుంది కానీ అమ్మ ఒడి దూరమవుతుంది. ఈ రెండు దారులలో ఏది నడిచిన బిడ్డ అయినా తరగతి గదిలోకి ఒంటరిగా రాడు. తనతో పాటు ఒక బరువును మోసుకు వస్తాడు. ఆ బరువు పుస్తకాల సంచిలో కనబడదు. గొడవలో కనబడుతుంది, మొండితనంలో కనబడుతుంది, గంటల తరబడి మాట్లాడకుండా కూర్చోవడంలో కనబడుతుంది, మధ్యాహ్న భోజనం తరువాత గోడ దూకి వెళ్లిపోవడంలో కనబడుతుంది.

మనం సాధారణంగా ఏమంటాము? వీడు మాట వినడు అంటాము. దీనికి బుద్ధి రాదు అంటాము. తండ్రి లేని ఇల్లు కదా, అదుపు లేదు అని పెదవి విరుస్తాము. వైద్యుడు జ్వరాన్ని చూసి రోగిని తిట్టడు. జ్వరం దేనికి సూచనో వెతుకుతాడు. బిడ్డ కోపాన్ని, బిడ్డ మౌనాన్ని ఆ విధంగా చూడగలిగే పెద్దలు ఈ ఊరిలో ఎంతమంది ఉన్నారన్న దానిపైనే ఆ బిడ్డ చదువు నిలబడుతుంది.

పెద్దలారా! విద్యావేత్తలు ఈ విషయానికి సామాజిక, భావోద్వేగ విద్య అని పేరు పెట్టారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా దీనిని చదువులో భాగంగా పేర్కొన్నది. పేరు బరువుగా ఉన్నా విషయం తేలిక. అందులో ఐదు నేర్పులు ఉన్నాయి. మొదటిది, తన మనసులో ఏమి జరుగుతున్నదో తాను గుర్తించడం. రెండవది, ఆ ఉద్రేకాన్ని అదుపు చేసుకోవడం. మూడవది, ఎదుటివారి మనసు తెలుసుకోవడం. నాలుగవది, స్నేహం చేయడం, తగవు వస్తే తీర్చుకోవడం. ఐదవది, మంచి చెడులు ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. ఎక్కాలు నేర్పినట్లే వీటినీ నేర్పాలి. ఎక్కాలు తప్పు చెప్పిన బిడ్డకు మళ్లీ చెబుతాము. కోపం ఆపుకోలేని బిడ్డకు మాత్రం ఒక్కసారి కూడా నేర్పకుండానే శిక్ష వేస్తాము. ఇది న్యాయమేనా?

కలిగిన ఇంటి బిడ్డ ఈ ఐదింటిలో చాలా భాగం ఇంటిలోనే నేర్చుకుంటాడు. సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని బడిలో ఏమయిందని అడుగుతాడు. తల్లి జవాబు వింటుంది. పేద ఇంటిలో ప్రేమకు కొదవ ఉండదు, సమయానికి కొదవ ఉంటుంది. పొద్దున్నే కూలికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చిన తల్లికి పొయ్యి వెలిగించేందుకే ఓపిక చాలదు. ఆమెను తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. ఆమెకు మిగలని ఆ సమయాన్ని బడి, మక్తబ్, వాడ కలిసి బిడ్డకు ఇవ్వాలి. పేదబిడ్డ కోసం మేము అడుగుతున్నది ఇదే.

ఈ ఆలోచన ఎలా మొదలైందో వినండి. అమెరికాలో జేమ్స్ కోమర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఉండేవారు. ఆయన నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు, తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసేది. 1968లో న్యూ హేవెన్ పట్టణంలోని రెండు బడులలో ఆయన బృందం పని ప్రారంభించింది. ఆ పిల్లలు దాదాపు అందరూ నల్లజాతివారు, పేదలు. చదువులో ఆ బడులు పట్టణంలోనే అట్టడుగున ఉండేవి. గొడవలు నిత్యకృత్యం.

ఒక రోజు దక్షిణాది పల్లె నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల బాలుడిని అతని పినతల్లి బడిలో దింపి తన పనికి వెళ్లిపోయింది. అతనికి ఆ పట్టణం కొత్త, ఆ మనుషులు కొత్త. ఏ పరిచయమూ లేకుండా అతనిని తిన్నగా తరగతిలోకి పంపారు. నిండిన తరగతిలోకి మరొక బిడ్డా అన్న విసుగు టీచరు ముఖంలో కనబడింది. బాలుడు బెదిరిపోయాడు. టీచరును తన్ని బయటికి పరుగు తీశాడు. శిక్షతో ముగియవలసిన కథ అది. కానీ ఆ బడిలో పెద్దలు కూర్చుని ఆలోచించారు. తెలిసినవారందరికీ దూరమై, కొత్త చోటులో పడిన బిడ్డ ఇంకేమి చేయగలడు అని తమను తాము ప్రశ్నించుకున్నారు. ఆ తరువాత కొత్తగా వచ్చే పిల్లలకు స్వాగతం చెప్పే పద్ధతి, తోడుగా ఒక విద్యార్థిని అప్పగించే పద్ధతి పెట్టుకున్నారు. తల్లిదండ్రులను బడి నిర్ణయాలలో కూర్చోబెట్టారు. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ బడులు పట్టణంలో పై వరుసకు చేరాయి.

సోదరులారా! ఆ బాలుడు సముద్రాల అవతల ఉన్నాడని అనుకోకండి. పుణె నుంచి తిరిగి వచ్చి, సగం సంవత్సరం గడిచిన తరగతిలో వెనుక బల్లమీద కూర్చునే మన పిల్లవాడు అతనే. హైదరాబాద్‌లో పనికి వెళ్లిన తల్లిని తలచుకుంటూ పలక మీద గీతలు గీసే మన పాప కూడా అతనికి చెల్లెలే.

మనసు సంగతి పట్టించుకుంటే పాఠాలకు సమయం ఎక్కడిది అని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. 2011లో అమెరికా పరిశోధకులు ఈ విధమైన 213 కార్యక్రమాల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో 2,70,000 మందికి పైగా విద్యార్థులు ఉన్నారు. ఈ నేర్పులు అందుకున్న పిల్లలు నడవడిలో మెరుగుపడటమే కాక చదువులోనూ ముందుకు వచ్చారు. నూరుమంది పిల్లలను మార్కుల వరుసలో నిలబెడితే నడిమి స్థానంలో ఉండవలసిన బిడ్డ పదకొండు స్థానాలు ముందుకు జరిగినంత తేడా కనిపించింది. భయంతో నిండిన తలలోకి లెక్క ఎక్కదు. ఈ విషయం మన అవ్వలకు పరిశోధన లేకుండానే తెలుసు.

ధార్మిక సోదరులారా! దీనిని కొత్త విద్య అనీ, పరాయి విద్య అనీ ఎవరైనా అనుకుంటే దైవప్రవక్త (స) జీవితాన్ని ఒకసారి చూడండి. ఆయన పుట్టకముందే తండ్రి మరణించారు. ఆరేళ్ల వయసులో తల్లి ఆమినా కన్నుమూశారు. ఎనిమిదేళ్లకు తాతగారూ వెళ్లిపోయారు. బంధువుల ఇంట పెరిగే బిడ్డ మనసు ఆయనకు స్వయంగా తెలుసు. సూరా అద్ దుహాలో అల్లాహ్ ఆయనకు ఆ అనాథ బాల్యాన్నే గుర్తు చేసి, ఆ తరువాత అనాథ పట్ల కఠినంగా ఉండవద్దని ఆదేశించాడు. పడిన బాధ ఇతరుల బాధను తెలుసుకునే కన్ను కావాలన్నది ఆ సూరా మనకు చేసే బోధ.

హజ్రత్ అనస్ (రజి) సంగతి మీకు తెలుసు. తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఆయనను చిన్న వయసులోనే ప్రవక్త సేవకు అప్పగించారు. పదేళ్లు సేవ చేశారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా ప్రవక్త (స) తనను విసుక్కోలేదని, ఈ పని ఎందుకు చేశావు, ఆ పని ఎందుకు చేయలేదు అని గద్దించలేదని ఆయనే తెలిపారు. పిల్లల పక్కగా వెళుతూ ప్రవక్త (స) తానే ముందుగా సలాము చేసేవారన్న సంగతి కూడా ఆయన ద్వారానే మనకు చేరింది. చిన్నవాడు పెద్దవాడికి సలాము చేయాలని మనం పిల్లలకు నేర్పుతాము, మంచిదే. కానీ ఆ మర్యాదను వారు ఎవరిని చూసి నేర్చుకోవాలి?

అనస్ (రజి) కు అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. అతను ఒక చిన్న పిట్టను పెంచుకున్నాడు. ఆ పిట్ట చచ్చిపోయింది. అతను దిగులుగా ఉండగా ప్రవక్త (స) చూశారు. కారణం తెలుసుకున్నారు. అతని పేరుతో పిలిచి, ఆ పిట్ట సంగతి అడిగి పలకరించారు. ఒక సమాజాన్నీ, ఒక రాజ్యాన్నీ నడిపిస్తున్న మహనీయులకు ఒక బాలుడి పిట్ట చావు చిన్న విషయంగా తోచలేదు. ఆ చిన్న సంభాషణ నుంచి పండితులు ఎన్నో ధర్మసూక్ష్మాలను వెలికి తీశారు. మనం ఒక్కటి గ్రహించినా చాలు. బిడ్డ దుఃఖానికి పేరు పెట్టి పలకరించడం కూడా సున్నతే.

కోపం విషయంలోనూ ఆయన (స) ఉపాయం నేర్పారు. నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోమన్నారు. అప్పటికీ తగ్గకపోతే పడుకోమన్నారు. కోపగించుకోవద్దు అని చెప్పి వదిలేయకుండా, కోపం వచ్చిన క్షణంలో శరీరంతో ఏమి చేయాలో చూపారు. ఈ ఉపాయాన్ని ఎనిమిదేళ్ల బిడ్డకు కూడా నేర్పవచ్చు.

మరి బెత్తం సంగతి ఏమిటి? దెబ్బ తగలనిదే చదువు రాదని, తాము అలాగే పైకి వచ్చామని కొందరు పెద్దలు అంటారు. వారితో మర్యాదగా ఒక మాట చెబుతున్నాము. దెబ్బలు తిని పైకి వచ్చినవారు ఈ రోజు మన ముందు ఉన్నారు కనుక వారిని లెక్కిస్తున్నాము. దెబ్బలకు భయపడి బడినీ మక్తబ్‌నూ విడిచి మెకానిక్ షెడ్డుకో, హోటలుకో వెళ్లిపోయినవారిని ఎవరు లెక్కించారు? ఇబ్నె ఖల్దూన్ 1377లో పూర్తి చేసిన తన ముఖద్దిమా గ్రంథంలో దీనిపై ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశారు. విద్యార్థుల పట్ల, అందులోనూ చిన్నపిల్లల పట్ల కాఠిన్యం హాని చేస్తుందని, వారిలో ఉత్సాహాన్ని చంపి సోమరితనాన్ని, అబద్ధాన్ని, కపటాన్ని పెంచుతుందని ఆయన వివరించారు. దెబ్బ తప్పించుకోవడానికి బిడ్డ మొదట నేర్చుకునేది అబద్ధమే కదా! మన దేశంలో 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం కూడా 17వ సెక్షనులో బడిలో బిడ్డను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మానసిక వేధింపు అన్న మాటను గమనించండి. నలుగురిలో బిడ్డ పేదరికాన్ని ఎత్తిపొడవడం, తండ్రి పనిని ఎగతాళి చేయడం కూడా దెబ్బలే.

సూరా అల్ మాఊన్‌ను మనం నమాజులో తరచుగా పఠిస్తాము. అనాథను గెంటివేసేవారి గురించి, నమాజు చేస్తూనే దాని పట్ల ఏమరుపాటుగా ఉండేవారి గురించి, చిన్నపాటి సాయాన్ని సైతం నిరాకరించేవారి గురించి అందులో హెచ్చరిక ఉన్నది. పలకరింపుకన్న చిన్న సాయం ఏముంటుంది? దానినీ నిరాకరిస్తే మన నమాజు దేనికి సాక్ష్యం చెబుతుంది?

ఈ మాటలు పలికి మా కొరకు, మీ కొరకు, విశ్వాసులందరి కొరకు అల్లాహ్ క్షమాపణను వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. ఆయన ఎంతో క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తుతి. ఆయన ప్రవక్తపై శాంతి.

సోదరులారా! పేదబిడ్డ మనసుకు అండ దొరికితే ఏమవుతుందో మన రాష్ట్రమే ఒకసారి లోకానికి చూపింది. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు గారి చొరవతో మొదటి గురుకుల పాఠశాల వెలిసింది. ఆ బాటలోనే తరువాత సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. నిజామాబాద్ జిల్లాలోని పాకాల అనే పల్లె నుంచి, వ్యవసాయ కూలీల కుటుంబం నుంచి మాలావత్ పూర్ణ అనే గిరిజన బాలిక అటువంటి గురుకులంలో చదువుకున్నది. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అదే గురుకులాల విద్యార్థి ఆనంద్ కుమార్ ఆమెతో పాటు శిఖరం చేరాడు. ముందుగా వారికి భువనగిరి కొండ మీద శిక్షణ ఇచ్చారు. కొండ ఎక్కడం కాళ్ల బలంతోనే అయ్యే పని కాదు. భయాన్ని గుర్తించాలి, శ్వాసను అదుపులో పెట్టుకోవాలి, తాడుకు అటువైపు ఉన్న మనిషిని నమ్మాలి, ఎప్పుడు ఆగాలో నిర్ణయించుకోవాలి. మేము ముందు చెప్పిన ఐదు నేర్పులూ అక్కడ ఉన్నాయి. నీవు చేయగలవు అని ఎవరో ఒకరు ఆ బిడ్డకు మనస్ఫూర్తిగా చెప్పారు. అక్కడి నుంచే ఆ ప్రయాణం మొదలైంది.

ప్రతి బిడ్డా ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. తొమ్మిదో తరగతి నుంచి పదో తరగతికి ఎక్కడం కూడా కొందరు పిల్లలకు అంతటి శిఖరమే. మైనారిటీ గురుకులాలు 2016లో 71 బడులతో మొదలై 204కు పెరిగాయి. మన మహల్లాల నుంచి ఎందరో పిల్లలు వాటిలో చేరుతున్నారు. ఇది అల్లాహ్ అనుగ్రహం. అయితే ఒక మాట. ఐదో తరగతిలో ఇల్లు విడిచిన పదేళ్ల బిడ్డకు మంచం, భోజనం, యూనిఫాం దొరికితే అన్నీ దొరికినట్లు కాదు. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత అమ్మ గుర్తుకు వస్తుంది. సీటు వచ్చింది, ఇక మన బాధ్యత తీరింది అని అనుకోకండి. అనుమతి ఉన్న రోజున తప్పక వెళ్లండి. వెళ్లలేని తల్లిదండ్రుల తరఫున మేనమామ వెళ్లవచ్చు, పక్కింటి చాచా వెళ్లవచ్చు. మార్కులు ఎన్ని అని అడిగే ముందు నిద్ర పడుతున్నదా, స్నేహితులు ఉన్నారా, ఎవరైనా ఏడిపిస్తున్నారా అని అడగండి.

భాష గురించి కూడా ఆలోచించాలి. మన ఇళ్లలో పిల్లలు దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. వీధిలో తెలుగు. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. మంచి అవకాశమే. కానీ బిడ్డ మనసు ఇంటి భాషలోనే నొచ్చుకుంటుంది. అతను తన భయాన్ని ఏ భాషలో చెప్పుకుంటే ఆ భాషలో వినండి. తప్పులు దిద్దడం తరువాత. ఉర్దూ మక్తబ్‌లో బోధించే ఉస్తాదులు తెలుగు బడి టీచర్లతో మాట్లాడటం మొదలుపెడితే ఒకే బిడ్డను ఇద్దరు గురువులు పూర్తిగా తెలుసుకోగలుగుతారు. రెండు భాషలు వచ్చిన మా వంటి వారిపై ఈ వంతెన కట్టే బాధ్యత ఎక్కువ.

ఇక మనం చేయవలసిన పనులు విన్నవిస్తాము. దూరాన కూలికి వెళ్లే తండ్రులారా, తల్లులారా! వారంలో రెండు రోజులు ఒకే సమయానికి ఫోను చేయండి. ఆ సమయం బిడ్డకు ముందే తెలియాలి. ఎదురుచూడటానికి ఒక గడియ ఉంటే బిడ్డ మనసు కుదుటపడుతుంది. ఎప్పుడు వస్తారో నిజమే చెప్పండి. పండుగకు వస్తామని చెప్పి రాకపోతే బిడ్డ మీ మాట మీదనే కాదు, ఎవరి మాట మీదా నమ్మకం ఉంచడు. వెళ్లేటప్పుడు బిడ్డ నిద్రపోతుండగా చాటుగా వెళ్లకండి. ఏడ్చినా ఫరవాలేదు, చెప్పి వెళ్లండి.

పిల్లలను సాకుతున్న అవ్వలారా, నానీలారా! మీరు వండిపెడుతున్న ముద్దకు అల్లాహ్ దగ్గర గొప్ప ప్రతిఫలం ఉన్నది. హజ్రత్ యూసుఫ్ (అలై) బాల్యంలో తన కలను తండ్రికి చెప్పుకున్నారు. యాఖూబ్ (అలై) శ్రద్ధగా విన్నారు. ఆ తరువాత బావి, పరదేశం, చెరసాల అన్నీ వచ్చాయి. తన మాట వినే పెద్ద ఒకరుంటే బిడ్డ ఎంత దూరం వెళ్లినా చెదిరిపోడు. రాత్రి పడుకునే ముందు ఈ రోజు ఏమి జరిగిందని ఒక్క ప్రశ్న వేసి, మధ్యలో అడ్డు రాకుండా వినండి.

మక్తబ్ ఉస్తాదులారా! ప్రతి బిడ్డనూ పేరుతో పిలవండి. రాగానే సలాము మీ నోటి నుంచే మొదలు కానివ్వండి. వరుసగా మూడు రోజులు రాని బిడ్డ ఇంటికి కబురు పంపండి. ఆ కబురు ఆరాగా ఉండాలి కానీ ఆరోపణగా ఉండకూడదు. వలస నుంచి తిరిగి వచ్చిన బిడ్డకు మొదటి వారం పాఠం అప్పజెప్పమనకండి. అతని పక్కన నెమ్మదస్తుడైన ఒక స్నేహితుడిని కూర్చోబెట్టండి.

ఊరి పెద్దలారా! ప్రభుత్వ బడులలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. మన అక్కచెల్లెళ్లు వాటిలో పాల్గొనేందుకు అడ్డు చెప్పకండి. గోడలకు సున్నం, మరుగుదొడ్డికి నీళ్లు ఎంత అవసరమో, కొత్తగా వచ్చిన బిడ్డకు స్వాగతం ఎలా చెబుతున్నామన్నది కూడా అంతే అవసరమని అక్కడ అడగమనండి. టీచర్లతో తగవు పెట్టుకోకండి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు చూసే టీచరు మనసుకూ అలసట ఉంటుంది. ఆయనను, ఆమెను పలకరించేవారు ఊరిలో ఉంటే ఆ చల్లదనం పిల్లల దాకా చేరుతుంది. ఈ పిల్లలలో మన మతంవారు, ఇతర మతాలవారు అన్న తేడా చూడకండి. రేకుల గుడిసెలో చలి అందరికీ ఒకటే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. తీయని మాట తిండికి బదులు కాదు. ఆకలితో ఉన్న బిడ్డకు కోపం అణచుకోవడం నేర్పబోవడం అన్యాయం. 2023 అక్టోబర్‌లో రాష్ట్రంలో బడి పిల్లలకు అల్పాహార పథకం ప్రారంభించినప్పుడు దాని వెనుక ఉన్న ఆలోచన ఇదే, పొట్ట నిండితేనే పాఠం నిలుస్తుంది. కనుక జకాత్, సదఖా, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, కూలీలకు సరైన వేతనం, ఇవన్నీ తమ స్థానంలో ఉండవలసిందే. మరొక మాట. సహనం నేర్పడమంటే అన్యాయాన్ని నోరు మూసుకుని భరించమని నేర్పడం కాదు. తనకు ఇష్టం లేని విధంగా ఎవరు తాకినా, బెదిరించినా, పనికి పంపినా వద్దు అని చెప్పే ధైర్యం బిడ్డకు నేర్పాలి. బిడ్డ చెప్పినప్పుడు నమ్మాలి. పరువు పేరిట దాచకూడదు.

ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉన్నది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే మనసు బాధ గురించి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పరీక్షా ఫలితాల వేళ తలుపు వేసుకుని కూర్చున్న బిడ్డను ఒంటరిగా వదలకండి. దుఆ చేయండి, పక్కన కూర్చోండి, ఫోనూ చేయండి. జబ్బుకు మందు వాడటం అల్లాహ్ మీద నమ్మకానికి విరుద్ధం కాదని మన ధర్మం చెబుతున్నది. మనసు జబ్బు కూడా జబ్బే.

సోదరులారా! ఈ పనులలో డబ్బు ఖర్చయ్యేవి చాలా తక్కువ. చేయకపోతే జరిగే నష్టం మాత్రం చాలా పెద్దది. బడి విడిచిన ఒక్క బిడ్డ మళ్లీ మేస్త్రీ గుంపులో చేరితే, మరో ఇరవై ఏళ్లకు అతని బిడ్డ కూడా అవ్వ దగ్గర ఎదురుచూస్తూ పెరుగుతాడు. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగాలి. ఈ నమాజు ముగిసి మస్జిదు మెట్లు దిగేటప్పుడు మీ చెప్పుల దగ్గర, వీధి మలుపులో, హోటలు ముందు పిల్లలు కనబడతారు. వారిలో ఒకరి పేరు అడిగి, ఒకరి క్షేమం కనుక్కుని ఇంటికి వెళ్లండి. వచ్చే జుమా నాటికి ఆ పేరు మీకు గుర్తుండాలి.

అల్లాహ్! మా పిల్లల మనసుల నుంచి భయాన్ని తొలగించు. దూరాన కూలి చేస్తున్న తల్లిదండ్రులను క్షేమంగా వారి బిడ్డల దగ్గరికి చేర్చు. అనాథలకు మమ్మల్ని నీడగా చేయి. గురువులకు ఓర్పును, మాకు మెత్తని నాలుకను, వినే చెవిని ప్రసాదించు. ఈ ఊరి బిడ్డలందరికీ, ఏ ఇంటి బిడ్డలైనా, మేలైన చదువును, నిబ్బరమైన హృదయాన్ని అనుగ్రహించు. మా ప్రార్థనలు ఆలకించు. ఆమీన్.

లేవండి, నమాజుకు వరుసలు సరిచేసుకోండి. పిల్లలను వెనక్కి నెట్టకండి.